కాలు ఒకటే, నంబర్లు మూడు: మన సైజులు ఎవరు పెట్టినారు?

ఈ వారం ఎపిసోడ్‌కి కారణం మా పిన్నమ్మ కొడుకు. వాడిది సత్యవేడు, పని శ్రీసిటీలో. పోయిన నెల పెళ్లి కుదిరింది. రిసెప్షన్‌కని ఫోన్లో షూ ఆర్డర్ పెట్టినాడు. ఎప్పుడూ వేసేది 8, కాబట్టి 8 పెట్టినాడు. వచ్చింది. బొటనవేలు ముడుచుకుంటే తప్ప కాలు పట్టదు. రిటర్న్ పెట్టి 9 తెప్పించినాడు. మడమ జారిపోతోంది. మళ్లీ రిటర్న్. పికప్ అబ్బాయి రావడానికి నాలుగు రోజులు, డబ్బులు వెనక్కి రావడానికి ఇంకో వారం. చివరికి ముహూర్తానికి రెండు రోజుల ముందు బండేసుకుని ఊత్తుకోట్టై పోయి, అంగట్లో కాలు పెట్టి చూసి ఒక జత కొనుక్కొచ్చినాడు. దాని మీద నంబరెంతో తెలుసా? 7.

"అన్నా, ఇంతకీ నా కాలు పెరిగిందా, తగ్గిందా?" అని అడిగినాడు నన్ను.

నవ్వుకున్నాం. కానీ తర్వాత ఆలోచిస్తే అది మంచి ప్రశ్నే. కాలు మారలేదు. నంబరు మారింది. అంటే ఆ నంబరు కాలిది కాదు. మరి దేనిది? ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని వెతుక్కుంటా పోతే ఇంగ్లండ్ బార్లీ చేల దాకా, అమెరికా ఎయిర్‌ఫోర్స్ దాకా, మళ్లీ తిరిగి మన తడ రోడ్డు దాకా వచ్చింది కథ.

ముందు అసలు సైజే లేని కాలం గురించి చెప్తాను. మన తాతల బట్ట పంచె. దానికి ఎస్ లేదు, ఎం లేదు. ఉన్నదల్లా పొడుగు, పన్నా. నాలుగు మూరల పంచె, ఎనిమిది మూరల పంచె అంటారు. మన పక్క తమిళం మాట్లాడే ఇళ్లలో కూడా అదే లెక్క, నాలు ముళం, ఎట్టు ముళం. మూర అంటే మోచేతి నుంచి మధ్యవేలి కొస దాకా. ఎవరి మోచెయ్యి అని అడగొద్దు, ఆ గొడవ అప్పుడూ ఉంది. పొడుగాటోడు కొలిస్తే ఒక లెక్క, పొట్టోడు కొలిస్తే ఇంకో లెక్క. కానీ చూడండి, కొలతలో ఆ తేడా ఉన్నా, కట్టుకునే మనిషికి నష్టం లేదు. సన్నగా ఉన్నోడు ఇంకో మడత ఎక్కువ పెడతాడు, లావైనోడు ఒక మడత తక్కువ పెడతాడు. పెళ్లినాటి పంచె అరవయ్యేళ్లకీ పట్టేది. బట్టే మనిషికి తగ్గట్టు సర్దుకునేది.

మనకి తూర్పున పులికాట్ సరస్సు ఉంది కదా, ఆ సరస్సు ఒడ్డున పళవేర్కాడులో డచ్చివాళ్లు 1613లో గెల్డ్రియా కోట కట్టినారు. ఎందుకు? బట్ట కోసం. ఈ తీరంలో నేసిన గుడ్డలు పట్టుకుపోయి ఇండోనేషియా దీవుల్లో ఇచ్చి, అక్కడ మసాలా దినుసులు తెచ్చుకునేవాళ్లు. అంత దూరం పోయిన ఆ గుడ్డల్లో ఎక్కువ భాగం కుట్టనివే. లుంగీలాంటిది ఇక్కడోడికి పట్టిందంటే జావాలో ఉన్నోడికీ పడుతుంది. సముద్రం దాటిన వ్యాపారంలో 'సైజు సరిపోలేదు, రిటర్న్' అనే సమస్య లేదు. పొడుగు తక్కువ నేసినారు, నూలు పలచన అని తగాదాలుండేవి, అది వేరే.

చొక్కా వచ్చాక దర్జీ వచ్చినాడు. దర్జీ దగ్గర కూడా సైజు నంబరు లేదు, మనిషే ఉన్నాడు. మా ఊరి టైలరు దగ్గరికి కొత్త గుడ్డ తీసుకుపోతే "ఆది తెచ్చినావా నాయనా?" అని అడిగేవాడు. ఆది అంటే మీకు బాగా పట్టిన పాత చొక్కా. దాన్ని పరిచి, కొత్త గుడ్డ మీద పెట్టి గీసేవాడు. ఆది లేకపోతే టేపు తీసి ఛాతీ, భుజం, చెయ్యి, కాలర్ కొలిచి, నోటుబుక్కులో రాసుకుని, "లూజు ఎంత పెట్టమంటావు?" అని అడిగేవాడు. ఆ లూజు అనే మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దానితో పనుంది.

యూరప్‌లోనూ ఇదే. అంగుళాల టేపు రాకముందు అక్కడి దర్జీలు ఒక్కో మనిషికి ఒక్కో కాగితం పట్టీ పెట్టుకునేవాళ్లు. ఛాతీ ఎక్కడికొస్తే అక్కడ ఒక గాటు, నడుము ఎక్కడికొస్తే అక్కడ ఇంకో గాటు. నంబర్లే లేవు. ఆ పట్టీ మీ ఒంటి జాతకం. 1800 తర్వాత అంగుళాల టేపు వాడకం పెరిగింది. టేపు వచ్చాక దర్జీలకి ఒక సంగతి కనిపించింది: ఛాతీ ఇంత ఉన్నోడికి భుజం దాదాపు ఇంత ఉంటుంది, చెయ్యి దాదాపు ఇంత ఉంటుంది. ఆ 'దాదాపు' అనే మాట మీదే ఈరోజు రెడీమేడ్ పరిశ్రమ మొత్తం నిలబడి ఉంది.

దానికి కొంచెం లెక్కల బలం కూడా తోడైంది. బెల్జియంలో అడోల్ఫ్ కెట్లే అని ఒక పెద్దమనిషి. ఆయన 5,738 మంది స్కాట్లాండ్ సైనికుల ఛాతీ కొలతలు తీసుకుని లెక్క వేసినాడు. ఎక్కువమంది 40 అంగుళాల చుట్టుపక్కలే ఉన్నారు, అటూ ఇటూ పోయేకొద్దీ జనం తగ్గిపోతున్నారు. గంట ఆకారం. అంటే 'సగటు మనిషి' అనేవాడు ఒకడున్నాడు, వాడికి కుడితే చాలామందికి సరిపోతుంది అనే నమ్మకం మొదలైంది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చినప్పుడు లక్షలమంది సైనికులకి యూనిఫాం కావాలి. ఒక్కొక్కడినీ టేపు పెట్టి కొలిచే తీరిక ఎవరికుంది? కొన్ని సైజులు నిర్ణయించి, కుప్పలు కుప్పలుగా కుట్టి పంపించినారు. యుద్ధం అయిపోయినాక ఆ కొలతలు, ఆ పద్ధతి మామూలు మగవాళ్ల రెడీమేడ్ బట్టల్లోకి వచ్చేసినాయి. మనం వేసుకునే చొక్కా సైజు వెనక ఉన్నది దుకాణం కాదు, సైన్యం. కవాతు చేసే వయసులో ఉన్న, పొట్ట లేని మగవాళ్ల కొలత అది. నలభై ఐదేళ్లు వచ్చి కొంచెం బొజ్జ వచ్చినోడికి అది పట్టకపోతే తప్పు బొజ్జది కాదు.

ఇక ఆ సగటు మనిషి సంగతి. 1950లో అమెరికా ఎయిర్‌ఫోర్స్ నాలుగు వేల మందికి పైగా పైలట్లని కొలిచింది. ఖచ్చితంగా చెప్పాలంటే 4,063 మంది. గిల్బర్ట్ డేనియల్స్ అనే కుర్ర లెఫ్టినెంట్ ఆ లెక్కలు చూసినాడు. ఎత్తు, ఛాతీ, చెయ్యి పొడుగు లాంటి పది కొలతలు తీసుకుని, పదింటిలోనూ సగటు దగ్గర ఉన్న పైలట్లు ఎంతమంది అని లెక్కేసినాడు. ఎంతమంది ఉంటారనుకుంటున్నారు? వెయ్యి? వంద? సున్నా. ఒక్కడు లేడు. సగటు పైలట్ కోసం కట్టిన కాక్‌పిట్ ఎవరికీ కట్టలేదన్నమాట. అప్పటినుంచి సీట్లు, పెడళ్లు, హెల్మెట్ పట్టీలు జరుపుకునేట్టు తయారు చేయడం మొదలుపెట్టినారు. అంటే తిరిగి తిరిగి మన పంచె దగ్గరికే వచ్చినారు, కదా?

ఇప్పుడు కాలి దగ్గరికి వద్దాం. ఇక్కడ కథ ఇంకా విచిత్రం.

ఇంగ్లండ్‌లో పాత కొలతల్లో మూడు బార్లీ గింజలు వరసగా పెడితే ఒక అంగుళం. 1324లో రాజు రెండో ఎడ్వర్డ్ కాలంలో ఇది ఖరారు చేసినారని చెప్తారు. అంటే ఒక గింజ అంగుళంలో మూడో వంతు, ఇప్పటి లెక్కలో సుమారు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. చెప్పులు కుట్టేవాళ్లు దాన్నే తమ మెట్టుగా తీసుకున్నారు. 1688లో వచ్చిన ఒక ఇంగ్లీషు పుస్తకంలోనే ఈ బూట్ల సైజుల ప్రస్తావన ఉంది. ఈరోజుకీ మీ షూ మీద 7 నుంచి 8కి పోతే పెరిగేది అదే, ఒక బార్లీ గింజ. సత్యవేడులో బార్లీ పండదు, మనం దాన్ని చూసింది హార్లిక్స్ డబ్బా మీద. అయినా మన కాలిని కొలిచేది ఆ గింజే.

లెక్క ఎక్కడ మొదలవుతుందంటే, పిల్లల సైజు సున్నా నాలుగు అంగుళాల దగ్గర, అంటే ఒక పిడికెడు. అక్కడినుంచి ఒక్కో గింజ చొప్పున 13 దాకా పోతుంది. ఆ తర్వాత మళ్లీ ఒకటి నుంచి పెద్దవాళ్ల సైజులు. అందుకే బడికి పోయే పిల్లోడు 13 వేసుకుంటే వాళ్ల నాయన 8 వేసుకుంటాడు. చిన్నప్పుడు ఇది నాకు ఎంతకీ అర్థమయ్యేది కాదు.

అసలు గుట్టు ఇక్కడుంది. ఈ యూకే నంబరు మీ కాలి పొడుగు కాదు. షూ దేని మీద పెట్టి తయారు చేస్తారో ఆ అచ్చు పొడుగు. షూ పనిలో దాన్ని లాస్ట్ అంటారు. ఒకప్పుడు చెక్కది, ఇప్పుడు ఫ్యాక్టరీల్లో ప్లాస్టిక్‌ది. కాలి ఆకారంలో ఉంటుంది, కానీ కాలి కన్నా కొంచెం పొడుగు. ఎందుకంటే నడిచేటప్పుడు వేళ్లు ముందుకి జరుగుతాయి, వాటికి చోటు కావాలి. టైలరు అడిగిన లూజు గుర్తుందా? ఇదే. తేడా ఏంటంటే టైలరు మిమ్మల్ని అడిగి పెడతాడు. షూ కంపెనీ అడగదు. ఒకడు ఒక సెంటీమీటరు పెడతాడు, ఇంకొకడు ఒకటిన్నర పెడతాడు, మొన మొనగా ఉండే ఫార్మల్ షూకి ఇంకా ఎక్కువ. లోపల కాలు అదే. బయట నంబరు వేరే.

యూరప్‌లో ఇంకో కొలత. అక్కడ మెట్టు సెంటీమీటరులో మూడింట రెండు వంతులు, దాన్ని పారిస్ పాయింట్ అంటారు. 42 అంటే 28 సెంటీమీటర్ల అచ్చు. అమెరికా వాళ్లదీ బార్లీ గింజే, కానీ లెక్క మొదలుపెట్టే చోటు వేరే కాబట్టి మగవాళ్ల నంబరు యూకే కన్నా సుమారు ఒకటి ఎక్కువ. జపాన్ వాళ్లు మాత్రం మర్యాదగా కాలి పొడుగే సెంటీమీటర్లలో రాస్తారు.

ఇప్పుడు మీ ఇంట్లో షూ ఉంటే నాలుక వెనక లేబుల్ చూడండి. నైకీ మగవాళ్ల చార్టులో యూకే 8 అంటే అమెరికా 9, కాలు 27 సెంటీమీటర్లు. అడిడాస్ చార్టులో యూకే 8 అంటే అమెరికా 8.5, కాలు 26.5 సెంటీమీటర్లు. రెండింటి మీదా యూకే 8 అనే ఉంది, రెండూ అబద్ధం కాదు, కానీ మధ్యలో అర సెంటీమీటరు తేడా. ఒకటి అమెరికా నంబరు నుంచి పూర్తిగా ఒకటి తీసేసి యూకే రాస్తుంది, ఇంకొకటి అర తీసేసి రాస్తుంది. 27 సెంటీమీటర్ల కాలున్నోడు ఒకచోట 8, ఇంకోచోట 8.5. మా తమ్ముడి ప్రశ్నకి సగం జవాబు ఇదే. మిగతా సగం, వాడు కొన్నవి వేరే వేరే అచ్చుల షూలు.

మరి ఇండియాకి యూకే నంబర్లు ఎట్లా వచ్చినాయి? వేరే చెప్పాలా. బ్రిటిష్ వాళ్లు తెచ్చినారు. 1930లలో కలకత్తా పక్కన బాటానగర్‌లో బాటా ఫ్యాక్టరీ పెట్టి, ఊరూరా దుకాణాలు తెరిచి, మామూలు జనానికి కాన్వాస్ షూ, బడి షూ అలవాటు చేసినప్పుడు కూడా ఆ నంబర్లే. వాళ్లు పోయినారు, నంబర్లు ఉండిపోయినాయి.

ఇక్కడ మా సత్యవేడు కథ ఒకటి చెప్పకుండా ఉండలేను. మా ప్రాంతం 1960 ఏప్రిల్ 1 దాకా మద్రాసు రాష్ట్రంలో చెంగల్పట్టు జిల్లాలో ఉండేది. ఆరోజు సరిహద్దులు మార్చినారు. తిరుత్తణి అటు పోయింది, సత్యవేడు ఇటు వచ్చి చిత్తూరు జిల్లాలో చేరింది. ఇప్పుడు తిరుపతి జిల్లా అనుకోండి. సరిగ్గా అదే కాలంలో దేశమంతా కొలతలు మారుతున్నాయి. 1956లో చట్టం చేసి, గజాలు, శేర్లు, వీశెలు తీసేసి మీటర్లు, కిలోలు తెచ్చినారు. అంటే మా ఊరి పెద్దలకి రెండు మూడేళ్ల తేడాలో రాష్ట్రం మారింది, జిల్లా మారింది, బట్టల అంగట్లో గజంబద్ద పోయి మీటరు బద్ద వచ్చింది. అన్నీ మారినాయి. టైలరు మెడలో టేపు మాత్రం మారలేదు. ఈరోజుకీ చొక్కాకి గుడ్డ రెండుంబావు మీటరు అని కొంటాం, అదే గుడ్డని టైలరు ఛాతీ నలభై అని అంగుళాల్లో కొలుస్తాడు. ఒకే చొక్కాలో రెండు రాజ్యాలు.

రెడీమేడ్ చొక్కాలో అయితే ఇంకా గజిబిజి. ఫార్మల్ షర్టు మీద 39, 40, 42 అని ఉంటుంది కదా. అది ఛాతీ అనుకుంటారు చాలామంది. కాదు. అది కాలరు చుట్టుకొలత, సెంటీమీటర్లలో. 39 సెంటీమీటర్లంటే పదిహేనున్నర అంగుళాల మెడ. అదే టీషర్టు మీదో, కోటు మీదో 40 ఉంటే అది ఛాతీ, అంగుళాల్లో. లోపల బనియన్ మీద 90, 95 అని ఉంటుంది, అది ఛాతీ, సెంటీమీటర్లలో. కింద ప్యాంటు మీద 34, అది నడుము, అంగుళాల్లో. ఒక మగవాడు స్నానం చేసి బట్టలేసుకుని బయటికొచ్చేసరికి బ్రిటిష్ కొలత, ఫ్రెంచి కొలత అటూ ఇటూ నాలుగుసార్లు మారుస్తాడు. ఇంత గొప్ప పని రోజూ చేస్తున్నామని మనకే తెలీదు.

ఆ నడుము 34 అయినా నిజమా? 2010లో ఎస్క్వైర్ అనే అమెరికా పత్రికలో ఒక రచయిత టేపు పట్టుకుని దుకాణాలు తిరిగినాడు. 36 అని రాసున్న ప్యాంట్లు కొలిస్తే హెచ్ అండ్ ఎంలో 37 అంగుళాలు, ఓల్డ్ నేవీలో ఏకంగా 41 వచ్చినాయి. దీన్ని మురిపించే సైజు అనుకోవచ్చు. కొనేవాడు నేనింకా 36లోనే ఉన్నాను అని సంబరపడాలి, ఆ సంబరంలో కొనాలి. ఇదంతా ఆడవాళ్ల బట్టల్లోనే, మగవాళ్లది అంగుళాల లెక్క కాబట్టి మోసం జరగదు అనుకునే మనకి ఇది చెంపదెబ్బే. కొంత న్యాయమైన కారణం కూడా ఉంది లెండి. వెనకటి ప్యాంటు బొడ్డు దగ్గర నిలిచేది, ఇప్పటి జీన్స్ తుంటి మీద నిలుస్తుంది, అక్కడ చుట్టుకొలత ఎక్కువే. కానీ నాలుగైదు అంగుళాల తేడా మొత్తం ఆ ఖాతాలో వెయ్యలేం.

ఎస్, ఎం, ఎల్ అయితే అసలు కొలతే కాదు, అభిప్రాయం. చెన్నైలో ఎక్స్‌పోర్ట్ మిగులు సరుకు అని అమ్ముతారు కదా, మనవాళ్లు పొలోమని పోయి తెచ్చుకుంటారు. అందులో అమెరికా కోసం కుట్టిన ఎం మనకి ఎల్ అంత ఉంటుంది. చైనా నుంచి వచ్చే సరుకులో ఎల్ మనకి ఎం అవుతుంది. ఒకే బ్రాండులో ఒకే సైజు రెండు చొక్కాలు కూడా తేడా వస్తాయి. గుడ్డని పొరలు పొరలుగా పేర్చి మెషీన్‌తో ఒకేసారి కోస్తారు, పై పొరకీ అడుగు పొరకీ కొంచెం తేడా వస్తుంది. ఉతికినాక కుంచించుకుపోయేది వేరే. 2022లో మన ప్రభుత్వం ప్యాకింగ్ నిబంధనలు సవరించినప్పుడు, విడిగా అమ్మే బట్టల మీద ఎస్, ఎం లాంటి గుర్తుతో పాటు సెంటీమీటర్లలోనో మీటర్లలోనో కొలత కూడా ఉండాలని పెట్టినారు. ఈసారి కొనేటప్పుడు ఆ సెంటీమీటర్లు వెతకండి. అక్షరం కన్నా అది నయం.

మరి మన ఒంటికి తగిన మన కొలత ఎందుకు లేదు? ఎందుకంటే ఎవరూ మనల్ని కొలవలేదు. బట్టలకి ఇండియాసైజ్ అని నిఫ్ట్ సంస్థ, కేంద్ర జౌళి శాఖ ఒక పని మొదలుపెట్టినాయి. 15 నుంచి 65 ఏళ్ల వయసున్న 25,000 మందిని ఆరు నగరాల్లో త్రీడీ స్కానర్లో నిలబెట్టి కొలవడం లక్ష్యం. ఆ ఆరింటిలో మన హైదరాబాద్ కూడా ఉంది.

కాళ్ల పని మనకి ఇంకా దగ్గర. చెన్నై అడయార్‌లో కేంద్ర తోలు పరిశోధన సంస్థ ఉంది, సీఎల్ఆర్ఐ అంటారు. 1948లో పెట్టినారు. దాన్ని పెంచి పెద్ద చేసింది తెనాలి దగ్గర యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ. తోళ్లు ఊరికే ఎగుమతి చేసేకన్నా ఇక్కడే చెప్పులు, వస్తువులు చేసి అమ్ముకోవాలని, ఆ పని చేసేవాళ్ల బతుకు బాగుపడాలని కోరుకున్న శాస్త్రవేత్త. 1985 జూన్‌లో ఎయిరిండియా కనిష్క విమానం పేలిపోయినప్పుడు అందులో చనిపోయినారు. ఆ సంస్థ వాళ్లే 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశంలో 79 చోట్ల 1,01,880 మంది కాళ్లు త్రీడీ యంత్రాలతో స్కాన్ చేసినారు.

ఏం తేలింది? భారతీయుల పాదం వెడల్పు ఎక్కువ. యూకే, యూరప్, అమెరికా సైజుల్లో వచ్చే షూలు మనకి సన్నం. అందుకని మనం ఏం చేస్తున్నామంటే, వెడల్పు కోసం ఒక సైజు పెద్దది కొంటున్నాం. అప్పుడు పొడుగు ఎక్కువైపోతుంది, మడమ జారుతుంది, లేసులు బిగించి లాగుతాం. మా తమ్ముడికి 8 పట్టలేదు, 9 జారింది అంటే ఇదే. వాడి కాలు 8 పొడుగు, 9 వెడల్పు. తప్పు వాడిది కాదు.

ఈ సర్వే మీద ఆధారపడి 'భా' అనే పేరుతో భారత్ సైజుల విధానం ప్రతిపాదించినారు. చంటిపిల్లల నుంచి పెద్ద మగవాళ్ల దాకా వయసును బట్టి ఎనిమిది వర్గాలు, అర సైజులు అవసరం లేకుండా, ఇప్పటికన్నా కొంచెం వెడల్పుగా. మొదట ప్రాంతాన్ని బట్టి ఐదు రకాలు కావాలేమో అనుకున్నారంట, ఈశాన్య రాష్ట్రాల వాళ్ల పాదాలు చిన్నవని. కొలిచినాక అందరికీ ఒకటే చాలన్నారు. 2024లో వార్తలు వచ్చినప్పుడు 2025లో అమలు అన్నారు. నా మటుకు నాకు ఒక అనుమానం ఉంది. భా వచ్చినా డబ్బా మీద పాత యూకే నంబరు పక్కన ఇంకో నంబరు చేరుతుందే గానీ పాతది పోదేమోనని. మీటరు వచ్చినా టైలరు టేపు మారలేదు కదా. లోపల అచ్చు మార్చకుండా బయట నంబరు మారిస్తే మాత్రం ఏం లాభం లేదు.

ఇదంతా వేళాకోళంగా చెప్తున్నానని అనుకోవద్దు. మా పెద్దనాయనకి పదిహేనేళ్లుగా షుగరు. కూతురి పెళ్లికి కొత్త షూ కొన్నాడు. బిగుతుగా ఉంది అని మేం అంటే, "నాకు బాగానే ఉంది లేరా" అన్నాడు. బాగానే ఉంది, ఎందుకంటే ఆయనకి ఆ వేళ్లలో స్పర్శ లేదు. షుగరుతో నరాలు మొద్దుబారితే మామూలు సైజు వదులుగా అనిపిస్తుంది, బిగుతుది సరిగ్గా అనిపిస్తుంది. సాయంత్రం షూ విప్పితే మేజోడు తడిగా ఉంది. చిటికెన వేలు పక్కన పుండు. రెండు నెలలు మానలేదు. రాయవేలూరు ఆసుపత్రికి తీసుకుపోయినాం. వేలు తీసేసినారు, కాలు దక్కింది.

ఆ రాయవేలూరులోనే ఒక చరిత్ర ఉంది. పాల్ బ్రాండ్ అనే డాక్టరు 1946లో అక్కడి సీఎంసీకి వచ్చి కుష్టు రోగులకి వైద్యం చేసినాడు. అప్పటిదాకా లోకం అనుకున్నది, కుష్టు వస్తే మాంసం కుళ్లి వేళ్లు రాలిపోతాయని. ఆయన చూసింది వేరే. నొప్పి తెలియకపోవడం వల్ల దెబ్బలు తగులుతున్నాయి, చెప్పు ఒరుసుకుంటున్నా తెలియక నడుస్తూనే ఉన్నారు, అక్కడ పుండు పడుతోంది. అంటే మందుతో పాటు కావాల్సింది సరిగ్గా పట్టే మెత్తటి చెప్పు. సన్నటి గాలి గదులుండే మెత్తని రబ్బరుతో అట్టలు చేసి రోగుల చెప్పుల్లో పెట్టడం అక్కడ, కరిగిరిలో బాగా జరిగింది. ఈరోజు షుగరు పేషెంట్లకి డాక్టర్లు రాసే ఎంసీఆర్ చెప్పులు ఆ దారిలో వచ్చినవే. మీ ఇంట్లో షుగరున్న పెద్దవాళ్లుంటే, 'నాకు బాగానే ఉంది' అనే మాట నమ్మొద్దు. వేలితో నొక్కి మీరే చూడండి.

శ్రీసిటీలో పనిచేసే మనవాళ్లకీ ఇదే. 2008లో మొదలైనప్పటినుంచి సత్యవేడు, వరదయ్యపాళెం మండలాల పిల్లలు వేలమంది అక్కడ సేఫ్టీ షూ వేసుకుని షిఫ్టులు చేస్తున్నారు. ముందు ఇనప టోపీ ఉండే షూ అది, మామూలు షూ లాగా వాడినకొద్దీ సాగదు. వెడల్పు చాలకపోతే ఎనిమిది గంటలూ నరకం. స్టోర్స్‌లో ఇచ్చేటప్పుడు నంబరు చెప్పి తీసుకోకండి, కాలు పెట్టి, నాలుగడుగులు నడిచి తీసుకోండి. సిగ్గుపడేది ఏం లేదు.

చివరగా తడ రోడ్డు. సత్యవేడు నుంచి తూర్పుగా హైవే ఎక్కి తడ దాటితే మాంబట్టు వస్తుంది. అక్కడ అపాచీ ఫుట్‌వేర్ ఫ్యాక్టరీ ఉంది. తైవాన్ కంపెనీ, అడిడాస్ షూలు అక్కడ తయారవుతాయి. లోపల పనిచేసేవాళ్లలో ఎక్కువమంది మన చుట్టుపక్కల ఊళ్ల ఆడపిల్లలే. పొద్దున్నే బస్సులు ఊరూరా తిరిగి ఎక్కించుకుపోతాయి. ఆ చేతులు అచ్చుకి తొడిగి, జిగురు పూసి, అడుగు అతికించిన షూ లేబుల్ మీద యూఎస్, యూకే, ఫ్రాన్స్, జపాన్, చైనా నంబర్లు వరసగా ఉంటాయి. లోకంలో ఎవరి కాలికి ఎంతో అన్నీ రాసుంటాయి. కుట్టినమ్మాయి కాలి కొలత మాత్రం ఆ వరసలో లేదు.

మా తమ్ముడికి చెప్పిందే మీకూ చెప్తాను. సాయంత్రం పూట కొలవండి, పొద్దుటికన్నా కాలు కొంచెం ఉబ్బి ఉంటుంది. మడమని గోడకి ఆనించి, కింద తెల్లకాగితం పెట్టి, పూర్తి బరువు వేసి నిలబడండి. పొడుగాటి వేలు ఎక్కడికొస్తే అక్కడ గీత. అది బొటనవేలే కానక్కర్లేదు. రెండు కాళ్లూ కొలిచి పెద్దది తీసుకోండి, చాలామందికి తేడా ఉంటుంది. పాదం ముందుభాగం వెడల్పు కూడా రాసుకోండి. ఆ సెంటీమీటర్లు ఫోన్లో నోట్స్‌లో పెట్టుకుని, యూకే నంబరు వదిలేసి చార్టులో సెంటీమీటర్ల వరస చూడండి. చొక్కాకి అయితే మీకు బాగా పట్టిన చొక్కాని మంచం మీద పరిచి, చంక నుంచి చంకకి కొలిచి పెట్టుకోండి. అదే మీ ఆది.

వాడు కొలిచినాడు. ఎడమ కాలు 26.2, కుడి కాలు 26.6 వచ్చింది. "అన్నా, ఇన్నాళ్లూ నాకు రెండు సైజులున్నాయా?" అని మళ్లీ ఫోన్ చేసినాడు. మీ లెక్క ఎంతొచ్చిందో కింద రాయండి, ఏ కాలు పెద్దదో కూడా. వచ్చే వారం గజంబద్ద, వీశె, శేరు పోయి మీటర్లు, కిలోలు వచ్చిన రోజుల్లో అంగళ్లలో ఏం జరిగిందో చెప్పుకుందాం. ఉంటాను.